రెండో క్యాప్సూలు

తమ్ముడి మందుల డబ్బా నింపడం అక్క పని. ఆదివారం పొద్దున, బావ పేపరు ముందేసుకుని కూర్చున్నాక, ఆమె వంటింటి బల్ల తుడిచి, ఆరనిచ్చి, దాని మీద ఓ తెల్లకాగితం పరిచి డబ్బా పెట్టేది. వారం మొత్తానికి అరలు. రోజుకి పొద్దుటి అర ఒకటి, సాయంత్రం అర ఒకటి. ముందు బీపీ మాత్ర, తర్వాత కడుపులో మంటకి వేసుకునేది, ఆఖర్న తెల్ల క్యాప్సూలు. మిగతావి అప్పుడప్పుడూ మారాయి. తెల్ల క్యాప్సూలు మారలేదు. ఆపరేషనయిన దగ్గర్నుంచీ పూటకి రెండు. షీటు వెనక బొటనవేలు పెట్టి రెండుసార్లు నొక్కేది. టక్, టక్. పక్క అరకి వెళ్ళేది.

పుస్తకాల బైండింగులో ఏళ్ళ తరబడి అరిగిన చెయ్యి అది. అచ్చయి వచ్చిన ఫారం మడిచి, బద్దతో నొక్కి, పక్కన పేర్చి, ఇంకో ఫారం అందుకునే చెయ్యి. దానికి కళ్ళతో పని లేదు.

ఆ క్యాప్సూలు తమ్ముడి ఒంట్లో ఉన్న కిడ్నీని కాపాడుతుంది. ఆ కిడ్నీ ఆమెది. ఇంట్లో దాన్ని ఎవరూ ఇంకోలా అనరు. తమ్ముడు షాపు నుంచి రాగానే ఆమె అడిగే మొదటి మాట, "నా కిడ్నీ ఎలా ఉందిరా?" అని. వాడు పొత్తికడుపు మీద చెయ్యేసుకుని, నీళ్ళు తాగలేదని పొద్దుట్నుంచీ సణుగుతోందనీ, అంతా అక్క పోలికేననీ అనేవాడు. బావ పేపరు దించకుండానే, తన పెళ్ళాం పుట్టింటికి ఇచ్చిన వాటన్నిట్లోకీ తనని అడిగి ఇచ్చింది ఇదొక్కటేనని అందుకునేవాడు.

ఈమధ్య ఆసుపత్రిలో ఆ క్యాప్సూలు పూటకి ఒకటే చాలన్నారు. చెప్పింది కిడ్నీ డాక్టరు కాదు, వైరస్ జబ్బులు చూసే వేరే డాక్టరమ్మ. తమ్ముడి మూత్రంలో ఏదో వైరస్ కనిపించిందట. అది రక్తంలోకి కూడా వచ్చిందట. మందు సగానికి తగ్గించమని వాడికి చెప్పి పంపింది. వాడు ఇంటికొచ్చి అక్కకి చెప్పాడు.

ఆ ఆదివారం అక్క ఒకటి నొక్కి ఆగింది. ఆగి, అరలోకి చూసింది. తెల్ల క్యాప్సూలు ఒక్కటీ ఓ మూలకి దొర్లి పడి ఉంది. బావ వైపు చూసింది. పేపరు అడ్డంగా ఉంది. రెండోది నొక్కింది. పాత షీట్లు ఇంట్లో చాలానే ఉన్నాయి. అయిపోతాయేమోనన్న భయంతో ఆమె ఎప్పుడూ ముందే తెచ్చిపెట్టేది.

తర్వాతి ఆదివారం ఆగకుండానే నొక్కింది.

*

కిడ్నీ విభాగంలో పెద్ద డాక్టరు కూర్చోడు. నిలబడే చూస్తాడు. చుట్టూ నలుగురైదుగురు చిన్న డాక్టర్లు ఉంటారు. పేషెంటుతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది గానీ మాటలు వాళ్ళకి.

ఆ రోజు రిపోర్టు చేతిలో పట్టుకుని మూడు సంగతులు చెప్పాడు. క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ దెబ్బతింటోంది. వైరస్ పెరిగింది. తగ్గించమన్న మందు మాత్రం రక్తంలో పాత మోతాదే ఉంది. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, సగం అంటే ఎంతో తెలుసా నీకు?"

తమ్ముడు తెలుసన్నాడు.

"మందు తగ్గిస్తే రక్తంలో తగ్గాలి. తగ్గలేదు. అంటే నువ్వు తగ్గించలేదు. మాట విననివాడికి ఎవరి కిడ్నీ ఇచ్చినా దండగే."

చిన్న డాక్టర్లలో ఒకతను రాసుకోవడం ఆపాడు. తమ్ముడు మోటార్లు వైండింగు చేస్తాడు. గోళ్ళ అంచుల్లో వార్నిషు ఎప్పుడూ ఉంటుంది. వాడు ఒక గోటితో ఇంకో గోటి కింద గీకుతూ నిలబడ్డాడు. వేసుకున్నానని గానీ వేసుకోలేదని గానీ అనలేదు. అక్క పక్కనే సంచీ పట్టుకుని ఉంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. నోరు తెరవబోయింది. సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

పెద్ద డాక్టరు, ఇంక ఇంజెక్షను మొదలు పెడదామన్నాడు. ఆ ఇంజెక్షను వైరస్ మీద ఎంత పని చేస్తుందో కిడ్నీనీ అంత దెబ్బ తీస్తుందని చిన్న డాక్టర్లకి చెప్పాడు. నిలబడితే కిడ్నీ నిలబడుతుంది, లేకపోతే మళ్ళీ డయాలసిస్ తప్పదన్నాడు. డయాలసిస్ అన్న మాటకి తమ్ముడు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఒకప్పుడు సూదులు గుచ్చింది ఆ చేతికే.

"నాలుగు రోజులు ఆగుదాం సార్." వెనక నుంచి ఎవరో అన్నారు.

వైరస్ డాక్టరమ్మ. గోడవారగా స్టూలు మీద కూర్చుని ఉంది. పొట్టి మనిషి, కూర్చుంటే ముందున్న వాళ్ళ వెనక కనిపించదు. "మందు ఎందుకు తగ్గలేదో తెలియకుండా ఇంకో మందు ఎక్కించలేం కదా" అంది. పెద్ద డాక్టరు ఆమె వైపు చూసి, నాలుగు రోజులంటే నాలుగే అని, పక్క పేషెంటు దగ్గరికి నడిచాడు.

*

వైరస్ విభాగం ఆసుపత్రి వెనక, బట్టలుతికే గదులు దాటాక వస్తుంది. అక్కడ బయట బెంచీల మీద కూర్చునేవాళ్ళు ఆ డాక్టరమ్మకి పెట్టిన పేరు నిదానం. లోపలికి వెళ్ళిన మనిషి ఓ పట్టాన బయటికి రాడు. నిదానం డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు అన్నం మూట కట్టుకు రావాలని ఒకాయన అంటే, మూట కాదు పరుపు తెచ్చుకోవాలని ఇంకొకావిడ అంది. కానీ లేచి వెళ్ళిపోయినవాళ్ళు లేరు. చాలామంది నలుగురైదుగురు డాక్టర్లని దాటి ఇక్కడికి తేలినవాళ్ళే. మందు పని చెయ్యని కామెర్లవాళ్ళు, మానినట్టే మాని మళ్ళీ మళ్ళీ లేచే పొక్కులవాళ్ళు, ఏ వైరసో ఎవరూ తేల్చలేని జ్వరాలవాళ్ళు.

ఆ మధ్యాహ్నమే నిదానం తమ్ముణ్ణి కూర్చోబెట్టి తానూ కూర్చుంది. రక్తం ఇచ్చిన పొద్దున క్యాప్సూలు ముందు వేసుకున్నాడా, తర్వాతా అని అడిగింది. తర్వాతేనన్నాడు. ఒంటి మీద తామర లాంటిది ఏదైనా వచ్చి, మందుల షాపులో అడిగి మాత్ర వేసుకున్నాడా అంది. లేదన్నాడు. పళ్ళరసాలు? లేదు. విరోచనాలు? లేవు. వీటిలో ఏదున్నా, వేసుకున్నది తక్కువైనా రక్తంలో మందు ఎక్కువ కనిపిస్తుందట. అప్పుడు ల్యాబుకి ఫోను చేసి, అదే రక్తం మళ్ళీ చూడమంది. జవాబు వచ్చేదాకా ఫోను చెవి దగ్గర పెట్టుకునే కూర్చుంది. అదే అంకె వచ్చింది.

ప్రతి ప్రశ్నకీ అక్క లోపల్లోపల అవునను, అవునను అనుకుంటూనే ఉంది. తామర వచ్చి ఉంటే బాగుండును. ల్యాబువాళ్ళు సీసాలు మార్చేసి ఉంటే బాగుండును. ఒక్కో దారీ మూసుకుపోతుంటే మిగిలిన దారి ఏదో ఆ గదిలో ఆమెకి తెలుసు.

నిదానం మాత్రం, మందు వేసుకుంటున్నారా అని ఒక్కసారి కూడా అడగలేదు. రేపు డబ్బా తీసుకు రమ్మంది. షీట్లు కూడా తెమ్మంది.

మర్నాడు తెల్లవారుతూనే అక్క డబ్బా తెరిచి, మిగిలిన అరల్లోంచి రెండో క్యాప్సూళ్ళు ఏరేసింది. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కళ్ళజోడు పెట్టెలో పోసి మూసింది. ఇప్పుడు డబ్బాలో ఏ అర చూసినా ఒక్కటే. ఎవరైనా చూసుకోవచ్చు.

నిదానం చూడలేదు. డబ్బా తీసుకుని అన్ని అరలూ ఓ పళ్ళెంలోకి ఒంపేసింది. ఖాళీ డబ్బా తమ్ముడి ముందుకి తోసి, "ఎలా నింపుకుంటారో చూపించండి" అంది.

తమ్ముడు డబ్బా వంక చూశాడు. "అక్క నింపుతుందండి."

నిదానం కుర్చీ అక్క వైపు తిప్పింది. డబ్బా కూడా అటు జరిపింది. "అయితే మీరు చూపించండమ్మా. తొందరేం లేదు."

అక్క చేతులు తుడుచుకుంది. బీపీ మాత్ర వేసింది. కడుపు మంట మాత్ర వేసింది. తెల్ల షీటు అందుకుంది. ఒకటి, ఒకటి అనుకుంటూనే ఉంది. టక్, టక్. అరలో రెండు పడ్డాయి. ఒకటి వేలితో తీసి పళ్ళెంలో పెట్టింది. కళ్ళద్దాలు సరిగ్గా ఆనడం లేదంది. నిదానం తలూపింది. పక్క అర. బీపీ మాత్ర, మంట మాత్ర, తెల్ల షీటు. టక్, టక్.

ఈసారి తియ్యలేదు. షీటు కింద పెట్టింది.

తమ్ముడు కిటికీలోంచి బయట ఆరేసిన దుప్పట్ల వంక చూస్తున్నాడు. నిదానం వాడికో చీటీ ఇచ్చి, ఒకసారి రక్తం ఇచ్చి అటునుంచి అటే పనికి వెళ్ళిపొమ్మంది. వాడు వెళ్ళాక తలుపు దగ్గరగా వేసింది. తిట్లు పడతాయని అక్క సంచీ గట్టిగా పట్టుకుంది.

"ఆయనకి చెప్పాను, ఎందుకు తగ్గిస్తున్నానో" అంది నిదానం. "బొమ్మ కూడా గీసి చెప్పాను. డబ్బా నింపేదెవరని అడగలేదు. అది నేను అడగాల్సింది."

అక్క అప్పుడు మాట్లాడింది. ఆపరేషను చేసినప్పుడు ఇక్కడే, ఈ ఆసుపత్రిలోనే, కూర్చోబెట్టి పాఠం చెప్పారంది. ఒక్క పూట తప్పినా కిడ్నీ పోతుందన్నారు. ప్రయాణంలో ఉన్నా, జ్వరంలో ఉన్నా, పీనుగు లేచిన ఇంట్లో ఉన్నా ఇది మాత్రం వెయ్యాలన్నారు. అమ్మ పోయిన రోజు కూడా వాడి నోట్లో తాను వేసి నీళ్ళు పోసింది. బెంచీ మీద ఒకావిడ చెప్పింది, వాళ్ళాయనకి మందు తగ్గించాక నెల తిరక్కుండా కిడ్నీ పోయిందట.

"అన్నాళ్ళూ అలా చెప్పి, ఒక్క ముక్కలో సగం చెయ్యమంటే ఎలా చెయ్యనమ్మా? ఇంకొకటి ఇద్దామంటే నా దగ్గర లేదు కదా."

నిదానం పళ్ళెం పక్కకి జరిపింది. "రండి" అని లేచింది.

వసారాకి అవతలే ల్యాబు. అక్కడి కుర్రవాళ్ళు మేడం కోసం ఓ కుర్చీ విడిగా ఉంచుతారు. తన పేషెంట్ల స్లైడ్లు ఆవిడ ఇంకొకళ్ళ కళ్ళతో చూడదు. కాపురం ఇక్కడికే మార్చేశారని వాళ్ళు వేళాకోళం చేస్తే, అద్దె లేదు కదా అంటుంది. పొద్దున తమ్ముడు ఇచ్చిన మూత్రాన్ని గొట్టంలో పోసి, గిర్రున తిప్పే మిషన్లో పెట్టింది. అడుగుకి దిగిన దాంట్లోంచి ఒక చుక్క గాజు పలక మీదికి తీసింది. రంగు వేసింది. ఎక్కువైన రంగుని కాగితం అంచుతో పీల్చింది. పైన పల్చటి గాజు బిళ్ళ ఒక పక్క నుంచి వంచి వాల్చింది, కింద గాలి బుడగ లేకుండా. అట్ట మీద కాగితం అతికేటప్పుడు అక్క కూడా సరిగ్గా అలాగే వాలుస్తుంది. ఆ చేతుల్ని చూస్తూ ఆమె సంచీ కింద పెట్టింది.

మైక్రోస్కోపులో మొదట అక్కకి తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. నిదానం ఆమె గడ్డం కింద వేలు పెట్టి కాస్త పైకి ఎత్తింది. అప్పుడు వెలుగు వచ్చింది. వెలుగులో గుండ్రంగా కొన్ని.

"ఎడం పక్క చిన్నది ఉంది చూడండి, మధ్యలో చుక్క? అది బాగున్న కణం. కుడి పక్కది చూడండి."

కుడి పక్కది ఉబ్బి ఉంది. దానిలో చుక్క లేదు. చుక్క ఉండాల్సిన చోటంతా పొగ పట్టిన గాజులా ఉంది.

"దాని నిండా వైరసే. ఇది కొత్తగా పట్టుకున్నది కాదు. చిన్నప్పట్నుంచీ మనలో చాలామంది ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది, నాలో కూడా ఉండొచ్చు. ఒంట్లో కాపలావాళ్ళు మెలకువగా ఉన్నంతసేపూ అది లేవదు. మీ కిడ్నీని పరాయిదనుకుని తరమకుండా, ఆ కాపలావాళ్ళని మనం జోకొడుతున్నాం. తెల్ల క్యాప్సూలు పని అదే. జోకొట్టడం ఎక్కువయ్యింది. ఇది లేచింది."

అక్క కన్ను తియ్యలేదు. "ఇది నాదేనా?" అంది.

"చెప్పలేను. మీ కిడ్నీది కావచ్చు, ఆయన మూత్రాశయానిది కావచ్చు. చూసి తేల్చలేం. రక్తంలోకి కూడా వచ్చింది కాబట్టి కిడ్నీలో ఉందనే అనుకుంటున్నాను."

"మందు తగ్గిస్తే కాపలావాళ్ళు నా కిడ్నీ మీద పడరా?"

"పడొచ్చు. దీనికి గట్టి మందు లేదమ్మా. కాపలావాళ్ళు లేవాలి, మరీ లేవకూడదు. ఎక్కడ ఆపాలో వారం వారం చూసుకుంటూ పోవాలి. నాకు తెలిసిన వైద్యం అదే. మీరు రెండు వేస్తుంటే ఒకటి వేస్తున్నారనుకుని నేను లెక్క కట్టాను. ఇంకో వారం గడిస్తే, ఆ ఒకటి కూడా ఎక్కువేననుకుని ఇంకా తగ్గించేదాన్ని."

అక్క అప్పుడు తలెత్తింది. కళ్ళజోడు పెట్టె తీసి బల్ల మీద పెట్టి తెరిచింది. నిదానం లెక్క పెట్టలేదు. మూత వేసి ఆమె చేతికే ఇచ్చింది.

పెద్ద డాక్టరుకి తానే చెబుతానంది అక్క. చెప్పమంది నిదానం, కానీ ముందు తాను చెబుతానంది, తన తప్పు ముందుదని. ఇద్దరూ కిడ్నీ విభాగానికి నడిచారు. వసారాలో పెద్ద డాక్టరు ఎదురయ్యాడు. నిదానం చెప్పింది రెండు ముక్కలే. మందు తగ్గించమని పేషెంటుకి చెప్పాననీ, డబ్బా నింపే మనిషికి చెప్పలేదనీ. అక్క మిగతాది చెప్పింది. వాడికేం తెలియదు బాబూ, నేనే వేశాను అంది. పెద్ద డాక్టరు మెడలో వేలాడుతున్న స్టెతస్కోపు తీసి చేతికి చుట్టుకున్నాడు. ఇంజెక్షను ఆపుదామన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"నిన్న నేనన్న మాట వెనక్కి తీసుకున్నానని మీ తమ్ముడికి చెప్పండి." స్టెతస్కోపు విప్పి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "రిపోర్టు రోజున రమ్మనండి. నేనే చెబుతాను, ఆ కుర్రడాక్టర్లు ఉండగానే."

*

అక్క తను బైండింగు చేసే ప్రెస్సుకి వెళ్ళకుండా తిన్నగా వైండింగు షాపుకి వెళ్ళింది. తమ్ముడు నేల మీద కూర్చుని చెక్క అచ్చు మీద రాగితీగ చుడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు వాడితో ఎవరూ మాట్లాడరు, షాపు యజమాని కూడా. అక్క పాత మోటారు డొక్కు మీద కూర్చుంది. వాడు చివర తెంపి దారంతో కట్టి, ఇంకో అచ్చు అందుకుని చుట్టడం మొదలు పెట్టి, "ఏమన్నారు?" అన్నాడు.

ఆమె ముందు పెద్ద డాక్టరు మాట అప్పజెప్పింది. తర్వాత కళ్ళజోడు పెట్టె వాడి ముందు పెట్టింది.

"నీకు తెలియకుండా పూటకి ఒకటి ఎక్కువ వేశానురా. తెరిచి చూసుకో."

వాడు తెరవలేదు. చెయ్యి తిరుగుతూనే ఉంది.

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"పొద్దస్తమానం లెక్కపెట్టి బతికేవాణ్ణి. అరలో ఒకటుందో రెండున్నాయో తెలియదా? మొదటి రోజే చూశాను."

"మరెందుకు మింగావు?"

"నువ్వు వేశావు కదా."

ఆమెకి కోపం వచ్చింది. నేనేదో వెర్రిదాన్ని, నీ బుద్ధేమయిందని అడిగింది. నిన్న అంతమందిలో అన్ని మాటలు పడుతూ, గోళ్ళు గిల్లుకునే బదులు చెప్పొచ్చు కదా అంది.

"చెబుదామనే అనుకున్నా. నువ్వు పక్కనే ఉన్నావు." తీగ మెలిపడితే వేలితో సాఫీ చేశాడు. "అయినా అది నీదాయె. రోజూ అడుగుతూనే ఉంటావు. నీ సొమ్ము ఎలా చూసుకోవాలో నీకు తెలియదా, మధ్యలో నేనెవణ్ణి అనుకున్నా."

అక్క సంచీలోంచి డబ్బా తీసింది, షీట్లు తీసింది, కళ్ళజోడు పెట్టె పక్కన వరసగా పెట్టింది.

"ఇకనుంచి నువ్వే నింపుకో."

"ఏదైనా తప్పు వేస్తే?"

"వెయ్యకు. నీ కిడ్నీ, నువ్వు చూసుకో."

వాడి చెయ్యి ఆగింది. అచ్చు మీదున్న తీగ వంక చూశాడు. పెదాలు కదిపి చూశాడు. ఎన్ని చుట్లయ్యాయో చిక్కలేదు. అంతా విప్పి మళ్ళీ మొదలు పెట్టాడు.

*

అడిగిన నాలుగు రోజులూ అయ్యాక రిపోర్టు వచ్చింది. మందు రక్తంలో తగ్గింది. క్రియాటినిన్ పెరగలేదు. అంతవరకే చెప్పగలనంది నిదానం. వైరస్ దిగడానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు, మధ్యలో ఎక్కొచ్చు కూడా. ఎక్కితే ఏం చేస్తారని తమ్ముడు అడిగాడు. మళ్ళీ ఇలాగే కూర్చుంటామంది. బయట బెంచీ మీద ఎవరో పరుపు మాట ఎత్తారు. లోపలికి వినిపించింది. నిదానం నవ్వింది గానీ లేవలేదు.

ఆ పొద్దున పెద్ద డాక్టరు, చెప్పినట్టే, చిన్న డాక్టర్ల ముందు తమ్ముడితో మాట్లాడాడు. రెండు మాటలు, అవీ గొణిగినట్టు. తమ్ముడు ఇంటికి వెళ్ళాక బావకి అభినయించి చూపిద్దామని జ్ఞాపకం పెట్టుకున్నాడు.

"డబ్బా ఎవరు నింపుతున్నారు?" అంది నిదానం.

"నేనేనండి."

"చూపించండి."

అక్క కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. చేతులు సంచీ కింద పెట్టుకుంది. తమ్ముడు బీపీ మాత్ర వేశాడు. మంట మాత్ర వేశాడు. తెల్ల షీటు అందుకుని, వార్నిషు అంటిన బొటనవేలు దాని వెనక ఆనించాడు.

టక్.

సంచీ కింద అక్క బొటనవేలు తనంతట తనే రెండోసారి నొక్కింది. తమ్ముడి చెయ్యి పక్క అరకి వెళ్ళింది.